ఎదురుగా కూర్చుని తిన్న దేముడమ్మ

మా అత్త దేముడమ్మ నౌపడ ఉప్పు మడుల్లో ఆడకూలీల జట్టుకి పెద్ద. మడిలో తేరిన ఉప్పుని మగవాళ్ళు గట్టు మీదికి లాగి పోస్తే, దాన్ని గంపలకెత్తి కుప్పల దగ్గరికి మోసే పని ఆడవాళ్ళది. ఆ మోసేవాళ్ళంతా అత్త మాట మీద నడిచేవారు. ఈ చివర గట్టు మీద నిలబడి ఆవిడ ఒక్క కేక వేస్తే, ఆ చివర కుప్ప మీదున్న మనిషి తల తిప్పి చూసేది. గుమస్తా ఎవరినైనా పనిలోంచి తీసెయ్యాలంటే ముందు ఆవిడకి చెప్పుకునేవాడు. ఆవిడకి నచ్చకపోతే మర్నాడు జట్టులో ఒక్క గంపా లేవదని అతనికి తెలుసు.

నా పేరు నీలవేణి. నేను ఆవిడకి ఒక్కగానొక్క కోడల్ని. మా ఆయన సోములు స్టేషన్‌లో గూడ్సు బండికి ఉప్పు బస్తాలెత్తేవాడు. మా మామ పాముకాటుకి పోయేసరికి ఈయనకి ఇంకా నడక రాలేదట. అప్పట్నుంచీ ఆ తల్లి గంప మోసి కొడుకుని పెంచుకుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ గొంతు వింటే నాకు దడ పుట్టేది. తిట్టినా అదే గొంతు, ముద్దు చేసినా అదే గొంతు. ఏది ఏదో తెలుసుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

మా వైపు చాలామంది ఆడవాళ్ళలాగే అత్త కూడా అడ్డపొగ తాగేది. అంటే చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతులు ఖాళీగా ఉంటాయి, నెత్తిన గంప ఉన్నా కాల్చుకోవచ్చు. చిన్నప్పుడే వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందట. మడుల్లో ఆ అలవాటు లేని ఆడమనిషిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అరవై ఏడో సంవత్సరం, ఉప్పు పని ముమ్మరంగా ఉన్న ఎండాకాలం. అత్త కారం మానేసింది. మిరపకాయ లేనిదే అంబలి తాగని మనిషి, వట్టి మజ్జిగతో సరిపెట్టుకునేది. అడిగితే వేడి చేసిందంది. ఒకరోజు నిద్రలో నోరు తెరిచి ఉన్నప్పుడు చూశాను. అంగిలి మీద తెల్లటి పొక్కు, దాని నడిమిన ఎర్రటి పుండు. సోములుకి చెప్పాను. టెక్కలిలో డాక్టరు దీపం పెట్టి చూసి, ఇక్కడ కాదు, విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు.

అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి, రాచపుండని చెప్పారు. ఆ మాట వింటే మా ఊళ్ళో గొంతులు తగ్గిపోతాయి. సోములు వరండాలోకి వెళ్ళిపోయాడు. అత్త మాత్రం డాక్టరు బల్ల ముందే నిలబడి అడిగింది.

"బతుకుతానా, సచ్చిపోతానా, అది సెప్పండి బాబూ. మిగతాది నాకెందుకు?"

ఆ డాక్టరు పెద్దాయన. నిజమే చెప్పాడు. ఇంకా గొంతులోకి దిగలేదు, అంగిలి కొంత కోసి తీసెయ్యాలి, తరవాత కరెంటు, అంటే రేడియం కిరణాలు, పెట్టాలి, ఈ పుండు తెచ్చిన చుట్ట జన్మలో ముట్టకూడదు, ఇవన్నీ చేస్తే బతికే వీలుంది అన్నాడు. అత్త సరేనని వేలిముద్ర వేసింది.

కోశారు. ప్రాణం నిలబడింది. కానీ కట్లు తీసిన రోజున, కోసిన తరవాత ఏమవుతుందో మాకెవరికీ ముందు తట్టలేదని తెలిసింది. అంగిలిలో రూపాయి బిళ్ళంత కంత. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారిపోతున్నాయి. మాట్లాడితే మాటంతా ముక్కులోకి పోయి, ఏ మాటా తెలియడం లేదు. నన్ను పిలవబోయి, తన గొంతు తనే విని, అత్త సగంలో ఆగిపోయింది. ఆ తరవాత నోరు విప్పలేదు.

గోడవైపు తిరిగి పడుకునేది. గంజి తెస్తే నన్ను పొమ్మని చెయ్యి ఊపేది. నేను అవతలికి వెళ్ళాక మొహం మీద చీర కప్పుకుని, లోపల్లోపలే తాగేది. పక్క మంచాల వాళ్ళు వింతగా చూసేవారు. సోములు వస్తే కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకునేది. ఒళ్ళు కోలుకుంటోంది, మనిషి మాత్రం తరిగిపోతోంది. నన్ను ఇంటికి పొమ్మని, తనని అక్కడే వదిలెయ్యమని సైగ చేసింది ఒకరోజు.

అలాంటప్పుడు ఏసమ్మ వచ్చింది. చీపురుపల్లి దగ్గర మిషన్ బడి హాస్టల్లో వంట చేసే మనిషి. బాప్టిస్టు సంఘం వాళ్ళు. తను చూపించుకోవడానికి వచ్చి, నర్సు చెబితే మా వార్డుకి వచ్చింది. తెల్లచీర, నెరిసిన జుట్టు, చేతిలో క్యారేజీ. నాకు ఆకలేస్తోంది, ఇక్కడ కూర్చుని తింటానమ్మా అని నన్ను అడిగి, అత్త మంచం పక్కనే నేల మీద కూర్చుని క్యారేజీ విప్పింది. అన్నం, ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర. నింపాదిగా తింటూ, హాస్టలు ఆడపిల్లల అల్లరి గురించీ, వాళ్ళ ఊళ్ళో వాన పడక నారు ఎండిపోవడం గురించీ చెప్పుకుపోయింది. జలుబు చేసినవాళ్ళ గొంతులా ఉంది తప్ప ప్రతి మాటా తెలుస్తోంది. తినడం అయ్యాక గ్లాసెడు నీళ్ళు తాగింది. అప్పుడు అత్తని, మా వైపు అక్కని పిలిచే పిలుపుతో పిలిచి అంది.

"అప్పా, ఒక్కసారి ఇటు తిరుగు. నీకొకటి సూపించాల."

అత్త తిరిగింది. ఏసమ్మ నోట్లో రెండు వేళ్ళు పెట్టి, పళ్ళసెట్టు లాంటి ఎర్రటి బిళ్ళని బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది. నోరు తెరిచి చూపించింది. అత్తకి ఉన్నటువంటి కంతే. ఆ బిళ్ళ లేకుండా ఏదో మాట అంది, ఏమీ తెలియలేదు. అచ్చం అత్త గొంతే. బిళ్ళ కడిగి మళ్ళీ పెట్టుకుని అదే మాట ఇంకోసారి చెప్పింది.

"నా పేరు ఏసమ్మ. నాను బతికే ఉన్నాను. అన్నం తింతన్నాను."

అత్త మంచం మీద లేచి కూర్చుని చెయ్యి చాపింది. ఏసమ్మ ఆ బిళ్ళ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. అత్త దాన్ని ఇటూ అటూ తిప్పి, వెలుతురుకి ఎత్తి, అంచులు వేలితో తడిమి చూసింది. కొత్త గంప అల్లిక చూసేటప్పుడు ఆవిడ అలాగే చూసేది. ఆ సాయంత్రం గంజి తెస్తే నన్ను పొమ్మనలేదు. చీర కప్పుకోలేదు. ముక్కులోంచి కారింది, తుడుచుకుని మళ్ళీ తాగింది. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను.

బిళ్ళ ఒక్కసారికి కుదరలేదు. పళ్ళ డాక్టరు మైనంతో అచ్చు తీసి చేసిన మొదటిది పుళ్ళు పడేలా ఒరిసింది. రెండోది నీళ్ళని ఆపింది గాని మాట ముక్కులోకి పోకుండా ఆపలేదు. కరెంటు పెట్టినన్నాళ్ళూ నోరు పొక్కిపోయి ఏదీ పెట్టుకోలేకపోయింది. ఏసమ్మ తనకి ఆసుపత్రి పని ఉన్నప్పుడల్లా వచ్చేది. మాటలు ఎలా నేర్చుకోవాలో ఆవిడే చెప్పింది. రోజూ నోట్లో నానే మాటలే పట్టుకోమంది. అత్తకి నానే మాటలంటే ఏముంటాయి, జట్టు ఆడవాళ్ళ పేర్లే. పొద్దున లేస్తే ఆ పేర్లు వరసగా పిలిచేది. పైడమ్మని పిలిస్తే మైనమ్మ అయ్యేది. ఒకరోజు మైనా పిట్ట జట్టులో చేరిందా అత్తా అని నోరు జారాను. అన్నాక భయం వేసింది. అత్త నా వైపు చూసి, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆసుపత్రికి వచ్చాక అదే మొదటి నవ్వు.

మూడో బిళ్ళ కుదిరింది. వానలు వెనకపట్టాక ఇంటికి వచ్చాం.

ఇంటి దగ్గర వేరే కష్టం. రోజూ పెరట్లోకి వచ్చి కబుర్లాడే ఆడవాళ్ళు గుమ్మం అవతలే నిలబడి పలకరించి వెళ్ళిపోయేవారు. అది అంటుకుంటుందని వాళ్ళ భయం. అత్తకి పినతల్లి కూతురు ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, పసిపిల్లని ముసలిదాని చేతికివ్వకే అంది. ఆసుపత్రిలో నాతోనే ఉన్న మా పాపకి అప్పుడు ఎనిమిదో నెల. నేను ఆవిడ చూస్తుండగానే పాపని తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పడుకోబెట్టి, నీళ్ళకి వెళ్ళిపోయాను. నేనూ ఆ ఇంటి కోడల్నే కదా.

చుట్ట మానడం మాత్రం అత్తకి కోతకంటే ఎక్కువ బాధ పెట్టింది. చేతులు ఊరుకోక కొబ్బరిపీచు తీసి తాడు పేనేది. ఆ ఏడాది మా ఇంట్లో పేనిన తాడు ఊళ్ళో ఆవులన్నిటికీ పలుపులకి సరిపోయింది.

ఉప్పు పని మళ్ళీ మొదలైంది. అత్త లేనప్పుడు జట్టుని లక్ష్మణమ్మ నడిపింది. అత్త దగ్గరే పని నేర్చుకున్న మనిషి, మంచిదే. అత్త ఒకరోజు మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని మడులకి నడిచింది. అంబలి వేళ. తాటాకు పాక నీడన ఆడవాళ్ళంతా ముంతలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. అత్తని చూసి మాటలాగిపోయాయి. ఒకరిద్దరు తప్పుకుని చోటిచ్చారు. అది మర్యాదకో దూరానికో నాకు తెలియలేదు. అత్త ఆ చోటు వదిలేసి సరిగ్గా మధ్యలోకి వెళ్ళి కూర్చుంది. బిళ్ళ బయటికి తీసింది. నోరు తెరిచి చుట్టూ తిరిగి ఒక్కొక్కరికీ చూపించింది. బిళ్ళ కడిగి పెట్టుకుని అప్పుడు మాట్లాడింది.

"సూసినారు కదా. ఇదే. ఇంక బయపడకుండా మీ అంబలి తాగండి. నాకూ ఇంత పొయ్యండి."

లక్ష్మణమ్మ లేచి తన ముంత తెచ్చి అత్త పక్కన పెట్టి, ఆ ముంతలోంచే పోసింది. అత్త తాగింది. పక్కన మిరపకాయ కొరకడం చూసి నాకు కళ్ళు నిండాయి. తరవాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆసుపత్రిలో ఏం చేస్తారు, కరెంటు పెడితే కాలుతుందా, ఆ బిళ్ళ మింగేస్తే ఎలా. అత్త అన్నిటికీ జవాబు చెప్పింది. తెలియని మాట ఉంటే రెండోసారి చెప్పింది.

పని కేక పడ్డాక అందరూ లేచారు గాని లక్ష్మణమ్మ లేవలేదు. అత్త చెయ్యి పట్టుకుని, నా నోట్లో ఒకసారి సూడు అప్పా అంది. అత్త ఆవిడ మొహాన్ని ఎండవైపు తిప్పి చూసింది. అంగిలి మీద తెల్లటి పొక్కు, పక్కన చిన్న పుండు. ఎన్నాళ్ళయిందని అడిగితే, నువ్వు ఆసుపత్రికి వెళ్ళక ముందు నుంచీ ఉందని, నీలా అయిపోతానని ఎవరికీ చెప్పలేదని లక్ష్మణమ్మ ఏడ్చింది.

"నాలా అయితే ఏటి? నాను బాగానే ఉన్నాను," అంది అత్త.

ఆ వారంలోనే లక్ష్మణమ్మని రైలెక్కించి తీసుకెళ్ళింది. పుండు చిన్నదిగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి అంగిలి కొయ్యనక్కర్లేకుండా నయం చేశారు. లక్ష్మణమ్మ తిరిగి వచ్చి మళ్ళీ గంపెత్తింది. జట్టు నీకే ఇచ్చేస్తానప్పా అంటే అత్త ఒప్పుకోలేదు. నువ్వు నడుపు, నాకు ఇప్పుడు వేరే పనుంది అంది.

ఆ వేరే పని ఏమిటో తొందరలోనే తెలిసింది. అత్తని మళ్ళీ మళ్ళీ చూపించుకోవడానికి రమ్మనేవారు. వెళ్ళినప్పుడల్లా వార్డులో ఎవరో ఒకరు గోడవైపు తిరిగి పడుకుని ఉండేవారు. అత్త వాళ్ళ పక్కన కూర్చుని, తెచ్చుకున్నది విప్పి తినేది. ధైర్యం చెప్పడం ఆవిడకి రాదు. తినడమే వచ్చు. వెళ్ళేటప్పుడు ఇంత నౌపడ ఉప్పు పొట్లం కట్టి ఇచ్చి, తిన్నాక గోరువెచ్చటి నీళ్ళలో వేసుకుని పుక్కిలించమనేది. మా ఉప్పు అని చెప్పేటప్పుడు మాత్రం కొంచెం గొప్పగా చెప్పేది.

ఒకసారి డాక్టరు అత్తని పిలిచి, ఆమదాలవలసలో అప్పలసూరి అని రైసు మిల్లు గుమస్తా ఒకాయన ఉన్నాడు, కోశాక బిళ్ళ పెట్టించుకోవడానికి రాలేదు, దారిలో దిగి ఒకసారి చూస్తావా అని అడిగాడు. పెద్దాసుపత్రి డాక్టరు మా అత్తని సాయం అడగడం నేను పక్కనుండి విన్నాను.

దిగాం. అప్పలసూరి భార్య లక్ష్మీనరసమ్మ మంచి మనిషి. మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి, ఆయన వెనక గదిలోంచి బయటికే రారని, పిల్లల్ని కూడా చూడనివ్వరని, తలుపు వేసెయ్యమంటారని చెప్పింది. అత్త అన్నం పెట్టమంది. రైలు దిగి వచ్చాం, ఆకలిగా ఉంది అని, విస్తరి తెచ్చుకుని ఆ గది గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. లోపల మంచం మీద ఆయన, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. అత్త ఆయన్ని పలకరించలేదు. పప్పన్నం కలుపుకుని తింది. చారు పోసుకుని తింది. నీళ్ళు తాగుతుంటే ఒక చుక్క ముక్కులోంచి జారింది. కొంగుతో తుడుచుకుని, అప్పుడు ఆయనతో మాట్లాడింది.

"బిళ్ళ ఉన్నా అప్పుడప్పుడు కారతాది బాబూ. కారితే తుడుసుకుంటాను. మళ్ళీ తింతాను."

ఆయన తువ్వాలు కిందికి జారింది. ఏదో అన్నాడు. లక్ష్మీనరసమ్మ అలాగే అలాగే అంటూ వెళ్ళి తలుపు దగ్గరికి లాగబోయింది.

"ఆగమ్మా," అంది అత్త. "ముయ్యొద్దంటన్నాడు."

లక్ష్మీనరసమ్మ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ రోజూ ఆయన ఆ మాట అంటూనే ఉన్నాడు. ఆవిడ ముయ్యమంటున్నాడనుకుని మూస్తూనే ఉంది. మొదట్లో ఆయన సిగ్గుపడ్డ మాట నిజమే, తరవాత ఒంటరితనం తట్టుకోలేక తెరిచి ఉంచమన్నాడు. ఎవరికీ తెలియలేదు. కాగితం మీద రాసినా లక్ష్మీనరసమ్మకి చదవడం రాదు, చదవగలిగిన పిల్లల్ని ఆయన కోరికే అనుకుని ఆవిడ ఆ గదిలోకి రానివ్వలేదు. ఆ భాష అత్త మాట్లాడినదే కాబట్టి ఆవిడకి ప్రతి ముక్కా తెలిసింది. ఆ మధ్యాహ్నమంతా ఆయన చెబుతుంటే అత్త ఆయన భార్యకీ పిల్లలకీ అందించింది. పెద్దమ్మాయిని బడి మానిపించొద్దన్నాడు. మిల్లులో తన కుర్చీ ఎవరికిచ్చారో కనుక్కోమన్నాడు. చారులో మిరియాలు ఎక్కువయ్యాయన్నాడు. ఆ చివరిదానికి లక్ష్మీనరసమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఆయన బిళ్ళ పెట్టించుకున్నాడు. మిల్లు వసారాలో కుర్చీ వేసుకుని మళ్ళీ బస్తాలు రాయించాడు. అయితే మరుసటి ఏడు జబ్బు మెడలోకి తిరిగి వచ్చింది. ఈసారి చెయ్యడానికి ఏమీ లేదన్నారు. అత్త మానకుండా వెళ్ళేది. ఆఖర్లో ఆయన బిళ్ళ పెట్టుకోలేకపోయాడు, తినలేకపోయాడు. అత్త పక్కన కూర్చుని ఆయన మాటలు ఇంట్లోవాళ్ళకి అందించేది. పోయే వరకూ ఆ గది తలుపు తెరిచే ఉంది. పిల్లలు అక్కడే పుస్తకాలు పెట్టుకుని చదువుకునేవారు. పెద్దకర్మ నాడు లక్ష్మీనరసమ్మ మా అత్తని తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తింది. తిరిగొచ్చేటప్పుడు అత్త రైల్లో, మంచోడు పోయాడే అని ఒక్క మాట అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ వారమే ఇంకో ఊరు వెళ్ళింది.

అరవై తొమ్మిదికి, ఆసుపత్రి వారం వస్తే విశాఖపట్నం పాసింజరులో ఒకే పెట్టెలో చాలామంది చేరేవారు. నౌపడలో మేం, ఆమదాలవలసలో ఇద్దరు, చీపురుపల్లిలో ఏసమ్మా, ఆవిడ వెంట ఇంకో ముసలాయనా. వెళ్ళేది జబ్బు చూపించుకోవడానికే అయినా, వాళ్ళు మాత్రం తీర్థానికి పోతున్నట్టు వచ్చేవారు. చీపురుపల్లి దాటగానే మూటలు విప్పేవారు. రాగిపిండితో చేసిన చోడి రొట్టెలు, పెరుగన్నం, ఏసమ్మ వంకాయ కూర. ఒకరిది ఒకరు పంచుకుని, ముక్కులు తుడుచుకుంటూ, గట్టిగా మాట్లాడుకుంటూ తినేవారు. ఎదురు బల్లల వాళ్ళు చూస్తే చూడనిచ్చేవారు. ఒక తల్లి తన పిల్ల కళ్ళు మూయబోతే ఏసమ్మ వారించి, ఆ పిల్లకి ఒక రొట్టె ముక్క ఇచ్చింది. పిల్ల తీసుకుని తింది.

ఒకరోజు టిక్కెట్లు చూసే బాబు వచ్చాడు. ఈ మూటలూ ఈ సందడీ చూసి, అందరూ ఒకేలా మాట్లాడుతుంటే విని, మీరంతా చుట్టాలా అని అడిగాడు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అత్త ముద్ద మింగి జవాబిచ్చింది.

"అవును బాబూ. సుట్ట కలిపిన సుట్టాలం."

పెట్టె గొల్లుమంది. ఆ బాబుకి సగమే అర్థమైంది, అయినా నవ్వాడు. అత్త నోరు తెరిచి ఆయనకీ చూపించింది, నువ్వు కాలిస్తే మానీ బాబూ అంది. ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తరవాత టిక్కెట్లన్నీ చూసి, చివరికి నా దగ్గరకి వచ్చాడు. నేను పాపని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన ఉన్నాను. నువ్వు వీళ్ళలో మనిషివి కాదనుకుంటా, నీ గొంతు బాగానే ఉంది అన్నాడు.

నేను వీళ్ళ మనిషినే, దేముడమ్మ కోడల్ని అని చెప్పాను.